రాయి పగిలిందా? ఆవిరైపోయిందా?

రామారావు గొప్పా, నాగేశ్వరరావు గొప్పా అని మన ఊళ్ళలో టీకొట్ల దగ్గర జరిగిన తగాదాలకు లెక్క లేదు. సరిగ్గా అటువంటి తగాదాయే ఇంగ్లీషు పిక్చర్లు చూసే కుర్రకారు మధ్య ఏళ్ళ తరబడి నడుస్తోంది. కాకపోతే అక్కడ హీరోలు మనుషులు కారు, ఓడలు! ‘స్టార్ వార్స్’లోని స్టార్ డెస్ట్రాయర్ వచ్చి ‘స్టార్ ట్రెక్’లోని ఎంటర్‌ప్రైజ్ మీద పడితే ఎవరు గెలుస్తారు? ఎవరి ఫిరంగిలో దమ్మెంత?

నవ్వకండి! ఈ ప్రశ్న మీద కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నవాళ్ళలో భౌతికశాస్త్రంలో పట్టాలు పుచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఒక యుద్ధ దృశ్యాన్ని ఫ్రేము ఫ్రేముగా ఆపి, ఎన్ని ఫ్రేముల్లో ఏ వస్తువు ఎంత దూరం కదిలిందో కొలిచి, ఆ ఆయుధం శక్తి ఇన్ని వేల టన్నుల మందుగుండుకు సమానమని తేల్చేస్తారు. వినడానికి పిచ్చిలా ఉంది గానీ, పద్ధతి మాత్రం ఇంటర్మీడియట్ ఫిజిక్సే. తెర మీద ఏం జరిగిందో నమ్ము, అది నిజంగా జరగాలంటే ఎంత శక్తి కావాలో లెక్క కట్టు. అంతే.

అయితే అసలు తమాషా అంతా ఆ ‘నమ్ము’ అనే మాట దగ్గరే ఉంది.

‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ (1980) చూసినవాళ్ళకు ఈ సీను గుర్తుండే ఉంటుంది. హాన్ సోలో తన ఓటి ఓడను తీసుకుని గ్రహశకలాల గుంపులోకి దూరిపోతాడు. వెనకాలే స్టార్ డెస్ట్రాయర్లు. దారికి అడ్డం వచ్చిన రాళ్ళను వాటి ఫిరంగులు కాల్చి పారేస్తుంటాయి. ఒక ఆకుపచ్చ మెరుపు, ఒక తెల్లటి వెలుగు... రాయి లేదు! రెప్పపాటు పని. లెక్కలరాయుళ్ళందరికీ ప్రాణం ఈ సీనే.

మనమూ ఒకసారి కట్టి చూద్దాం. ఆ రాయి అడ్డంగా 20 మీటర్లు ఉందనుకోండి. గుండ్రని రాయి కాబట్టి దాని పరిమాణం సుమారు 4,200 క్యూబిక్ మీటర్లు. బరువు 12,600 టన్నులు. ఆ రాయి ‘ఆవిరైపోయింది’ అని నమ్మితే, కిలో రాతిని కరిగించి ఆవిరి చేయడానికి ఉజ్జాయింపుగా కోటి జూళ్ళు కావాలి. మొత్తం కూడితే 30,000 టన్నుల టీఎన్‌టీ. 1945లో హిరోషిమా మీద పడిన బాంబు 15,000 టన్నుల పైమాట. అంటే ఒక్కొక్క రాయికి రెండు హిరోషిమాలు! స్టార్ వార్స్ పక్షం వాళ్ళు ఈలలు వేస్తారు.

ఇప్పుడు ఎదుటి పక్షం మాట వినండి. “అది ఆవిరి కాలేదు నాయనా, ముక్కలైంది. ఆ వెలుగులో ముక్కలు కనబళ్ళేదు, అంతే” అంటారు వాళ్ళు. మన కంకర క్వారీల్లో గట్టి రాతిని పగలగొట్టడానికి క్యూబిక్ మీటరుకు సుమారు అర కిలో మందు దట్టిస్తారు. ఆ లెక్కన మన రాయికి రెండు టన్నుల మందు చాలు. ఒక చిన్న లారీలో పట్టే సరుకు.

ఒకే సీను. ఒకే ఫ్రేము. ఒకడికి రెండు టన్నులు, ఇంకొకడికి ముప్ఫయి వేల టన్నులు! ఇద్దరి ఫిజిక్సూ తప్పు కాదు. రాయి పగిలిందా, ఆవిరైందా అన్నది ఫిజిక్సు చెప్పేది కాదు, కన్ను చెప్పాల్సింది. ఆ కన్నుకేమో దర్శకుడు మూడు నాలుగు ఫ్రేముల తెల్లటి వెలుగు తప్ప ఏమీ చూపించలేదు.

పైగా ఆ 20 మీటర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? పక్కన ఉన్న ఓడ పొడవును బట్టి. ఓడ పొడవు 1,600 మీటర్లని సినిమాలో ఎవరూ చెప్పరు, తర్వాత వచ్చిన పుస్తకాలు చెప్పాయి. రాయి ఓడకు దగ్గరగా ఉందా, కెమెరాకు దగ్గరగా ఉందా అన్నది మళ్ళీ ఊహే. అడ్డకొలత రెట్టింపు అయిందా, బరువు ఎనిమిది రెట్లు అయి కూర్చుంటుంది. అన్నట్టు, ఆ గ్రహశకలాల్లో ఒకటి అచ్చంగా ఆలుగడ్డ అని ట్రిక్ విభాగం వాళ్ళే తర్వాత బయట పెట్టారు. దాన్ని ఆవిరి చేయడానికి ఎంత మందు కావాలో మీ అమ్మగారిని అడగండి!

గ్రహం పేలిన ముచ్చట

దీనికి తాత లాంటి లెక్క మొదటి ‘స్టార్ వార్స్’ (1977)లో ఉంది. డెత్ స్టార్ అనే గుండ్రని రాక్షసి, ఆల్డెరాన్ గ్రహాన్ని ఒక్క దెబ్బకు పేల్చేస్తుంది. ఆ గ్రహం మన భూమంత ఉందనుకుందాం. భూమిని ఒక ముద్దగా పట్టి ఉంచేది దాని ఆకర్షణశక్తే. ఆ పట్టు విడదీసి ముక్కలన్నీ మళ్ళీ కలవకుండా చేయాలంటే కనీసం ఎంత శక్తి కావాలో శాస్త్రజ్ఞులకు తెలుసు. సూర్యుడు దాదాపు వారం రోజులు వెదజల్లే శక్తి మొత్తం కావాలి. ఇది కనీసపు ధర. దీనికి బేరం లేదు.

కానీ తెర మీద ముక్కలు ఎంత వేగంగా ఎగిరాయో చూశారా? ఒక్క సెకనులో గ్రహం అడ్డకొలతంత దూరం పోయాయనుకుంటే, సూర్యుడి వారం కాస్తా నలభై వేల సంవత్సరాలు అవుతుంది! వేగం పెరిగితే శక్తి దాని వర్గంలో పెరుగుతుంది మరి. కనీసపు ధరకే పేల్చి ఉంటే ముక్కలు సెకనుకు 11 కిలోమీటర్ల చొప్పున పాకుతూ వెళ్ళేవి. గ్రహం అడ్డకొలతంత దూరం కదలడానికి ఇరవై నిమిషాలు. ప్రేక్షకులు ఇంటర్వెల్లో సమోసా తిని, సోడా తాగి వచ్చినా గ్రహం ఇంకా పేలుతూనే ఉండేది! ఏ దర్శకుడు ఒప్పుకుంటాడు?

ఇక్కడ ట్రిక్ ఫోటోగ్రఫీ సంగతి కాస్త చెప్పుకోవాలి. మీరు చూసిన ఆ పేలుడు వెనక ఉన్నది స్టూడియోలో కొద్దిపాటి మందుతో చేసిన బాణసంచా. చిన్న బొమ్మను పేల్చి పెద్ద వస్తువులా చూపించాలంటే కెమెరాను వేగంగా తిప్పాలి. దానికో సూత్రం ఉంది. బొమ్మ అసలు వస్తువులో ఇరవై అయిదో వంతు ఉంటే, కెమెరాను అయిదు రెట్ల వేగంతో, అంటే సెకనుకు 24 ఫ్రేములకు బదులు 120 ఫ్రేములతో నడపాలి. అప్పుడు తెర మీద ముక్కలు బరువుగా, తీరిగ్గా పడుతున్నట్టు కనిపిస్తాయి. అంతరిక్షంలో పేలుడైతే ఇంకో కిటుకు. కెమెరాను నేల మీద పైకి చూసేట్టు పెట్టి, దాని నెత్తిమీద పేలుస్తారు. ముక్కలు కిందికి పడుతున్నా మనకు నలుదిక్కులకూ ఎగిరినట్టే ఉంటుంది.

అంటే లెక్కలరాయుడు స్టాప్‌వాచ్ పట్టుకుని కొలిచే ఆ ‘సెకను’ అసలు సెకనే కాదు! కెమెరా మోటారును ఎంత వేగంగా తిప్పాలని అనుకున్నారో అది. 1997లో ఈ సినిమాను మళ్ళీ విడుదల చేసినప్పుడు పేలుడు చుట్టూ ఒక వెలుగు చక్రాన్ని కొత్తగా తగిలించారు. ‘స్టార్ ట్రెక్’ ఆరో సినిమాలో (1991) చంద్రుడి లాంటి ఉపగ్రహం పేలినప్పుడు వచ్చిన చక్రం అందరికీ నచ్చింది, అదీ కారణం. పాపం, ఇరవై ఏళ్ళుగా గ్రహం పేలుడు మీద లెక్కలు కట్టినవాళ్ళు ఆ చక్రానికి కూడా ఒక ఫిజిక్సు వెతుక్కోవాల్సి వచ్చింది.

తూటాల వేగం మరీ విచిత్రం. ఒక నడవలో పది మీటర్లు దాటడానికి ఎర్రటి ‘లేజర్’ గీతకు నాలుగు ఫ్రేములు పట్టిందనుకోండి. గంటకు 216 కిలోమీటర్లు! మామూలు రైఫిలు తూటా అంతకు పది రెట్ల పైన పోతుంది. నిజం కాంతి అయితే చంద్రుడి దాకా ఒక సెకనూ మూడో వంతులో వెళ్ళిపోతుంది, తప్పుకోవడమనే మాటే లేదు. మరెందుకంత నెమ్మది? ఆ గీతలను చిత్రకారులు ఫ్రేము ఫ్రేముకూ చేత్తో గీశారు. మన కన్నుకు అందాలి, భయం పుట్టాలి, హీరో తప్పుకోవాలి. ఇంకో కారణం కూడా ఉంది. దర్శకుడు జార్జ్ లూకాస్ తన అంతరిక్ష యుద్ధాన్ని ఎడిట్ చేయడానికి రెండో ప్రపంచ యుద్ధపు విమానాల పోరాట దృశ్యాలను నమూనాగా పేర్చుకున్నాడు. అందుకే ఆ ఓడలు శూన్యంలో కూడా విమానాల్లా పల్టీలు కొడతాయి, కిటికీలోంచి ఎదుటివాడి ముఖం కనబడేంత దగ్గరగా కొట్టుకుంటాయి. తుపాకి చప్పుడు కూడా కాంతిది కాదు. బెన్ బర్ట్ అనే ధ్వని నిపుణుడు ఒక టవరుకు కట్టిన ఇనప తీగను సుత్తితో కొట్టి రికార్డు చేసుకొచ్చిన చప్పుడది!

మాట నమ్మాలా, బొమ్మ నమ్మాలా

స్టార్ ట్రెక్ పక్షం దగ్గర వేరే ఆయుధం ఉంది, డైలాగు. ‘డీప్ స్పేస్ నైన్’ టీవీ ధారావాహికలో 1995లో వచ్చిన ఒక భాగంలో ఇరవై ఓడలు ఒక గ్రహం మీద విరుచుకుపడతాయి. గంటలో గ్రహం పైపొర మొత్తం నాశనం అవుతుందని ఒక పాత్ర అంటుంది. మొదటి వాయికే ముప్ఫయి శాతం పోయిందని ఇంకో పాత్ర రిపోర్టు ఇస్తుంది. అబ్బో! కానీ తెర మీద? గ్రహం ఒంటి మీద గుండ్రటి అలలు నాలుగు వ్యాపిస్తాయి. పైపొర లేచిపోయిన జాడ ఎక్కడా లేదు. అదీగాక ఆ దాడి చేసినవాళ్ళ యంత్రాలను శత్రువు మోసం చేశాడని కథలోనే తేలుతుంది. మరి ఆ ముప్ఫయి శాతం నిజమేనా? దీని మీద తగాదా పడనివాడు ట్రెక్ అభిమాని కాడు.

ఇక స్టార్ వార్స్ వాళ్ళ దగ్గర పుస్తకం ఉంది. కర్టిస్ సాక్స్‌టన్ అనే ఖగోళ భౌతిక శాస్త్రజ్ఞుడు 2002లో ‘అటాక్ ఆఫ్ ది క్లోన్స్’ ఓడల బొమ్మల పుస్తకం రాశాడు. అందులో ఒక సైనిక రవాణా ఓడ ఫిరంగికి వేసిన అంకె చూస్తే కళ్ళు తిరుగుతాయి. గుండుకు 20,000 కోట్ల టన్నుల టీఎన్‌టీ! మనుషులు ఇప్పటిదాకా పేల్చిన అతి పెద్ద బాంబు 1961లో సోవియట్ వాళ్ళది, 5 కోట్ల టన్నులు. దానికి నాలుగు వేల రెట్లన్నమాట. సరే, అధికారికంగా అచ్చయిన పుస్తకం. కానీ మూడేళ్ళకే వచ్చిన ‘రివెంజ్ ఆఫ్ ది సిత్’ (2005) మొదటి రీళ్ళలో రెండు భారీ ఓడలు పక్కపక్కన నిలబడి ఫిరంగులు పేల్చుకుంటాయి. గోడలకు చిల్లులు పడతాయి, మంటలు లేస్తాయి, లోపల ఫిరంగి దగ్గర సిబ్బంది అటూ ఇటూ పరుగెడతారు. ఆ పుస్తకంలోని అంకె నిజమైతే పరుగెత్తడానికి ఎవరూ మిగలరు.

“ఓడకు కవచం ఉంది కదండీ” అంటారా? ఉంది. కర్ణుడి కవచకుండలాల్లాగా. గుండు ఎంత బలమైనదో తెలియాలంటే కవచం ఎంత గట్టిదో తెలియాలి. కవచం ఎంత గట్టిదో తెలియాలంటే గుండు బలం తెలియాలి. రెండూ తెలియనప్పుడు ఆ దెబ్బ మనకు చెప్పేది సున్నా. అదే ‘ఎంపైర్’లో రాళ్ళను మాయం చేసిన ఆ ఫిరంగులే హాన్ సోలో ఓడకు తగిలితే ఓడ కుదుపుతుంది, దీపాలు ఆరి వెలుగుతాయి, హీరోయిన్ తూలి పడుతుంది. హీరో ఓడ కదండీ మరి!

నా మటుకు నాకు నచ్చిన లెక్క ఒకటుంది. ‘స్టార్ ట్రెక్’ రెండో సినిమాలో (1982) కెప్టెన్ టెరెల్ ఫేజరును తనవైపే తిప్పుకుని కాల్చుకుంటాడు. ఒక ఎర్రటి వెలుగు, మనిషి మాయం! డెబ్భై కిలోల మనిషిలో ఎక్కువ భాగం నీళ్ళే. వాటిని మరిగించి ఆవిరి చేయాలంటే నలభై కిలోల పైన టీఎన్‌టీ శక్తి కావాలి. చేతిలో ఇమిడే తుపాకికి అది మాటలు కాదు. కానీ ఆ ఆవిరి ఏమైంది? వంద క్యూబిక్ మీటర్లకు పైగా సలసల కాగే ఆవిరి, అంటే మన ఇళ్ళలో పన్నెండడుగుల గదులు రెండుమూడు నిండిపోయేంత. పక్కనే నిలబడ్డ కెప్టెన్ కర్క్ బొబ్బలెక్కి పోవాలి. ఆయన జుట్టు కూడా చెదరదు. కాబట్టి అది ఆవిరి చేయడం కాదు, ఇంకేదో. అదేమిటో సినిమా చెప్పలేదు, చెప్పనక్కర్లేదని అనుకుంది. ఒక శవాన్ని తెర మీంచి తీసేయడానికి అంతకంటే శుభ్రమైన ఉపాయం లేదు.

మన కళ్ళకు ఇదంతా కొత్తేమీ కాదు. ‘మాయాబజార్’ (1957)లో అడవిలో అభిమన్యుడికీ ఘటోత్కచుడికీ జరిగే పోరు చూడండి. ఒక అస్త్రం వస్తుంది, దానికి విరుగుడు ఇంకో అస్త్రం ఎదురెళుతుంది. ఏ బాణానికి ఎన్ని టన్నుల బలమని నేల క్లాసులో ఒక్కడైనా అడిగాడా? ఎవరి అస్త్రం ఎవరిదాన్ని మించిందో చాలు. తెర మీద యుద్ధం మనకు నిజాయితీగా చెప్పేది కూడా అంతే, దేన్ని ఏది మించిందన్నది. అందుకే తెలివైన రచయితలు తెలియని ఆయుధం పక్కన తెలిసిన ఆయుధాన్ని నిలబెడతారు. ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ (1953)లో అంగారకుల మీద అమెరికా ఆటంబాంబు వేస్తుంది. పొగ తేలిపోయాక వాళ్ళ యంత్రాలు చెక్కుచెదరకుండా కదిలి వస్తాయి. హిరోషిమా జరిగి ఎనిమిదేళ్ళే అయింది. ఆ బాంబు అంటే ఏమిటో హాల్లో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. ‘ఇండిపెండెన్స్ డే’ (1996) వాళ్ళు కూడా ఇదే ఎత్తు వేశారు. ఇక్కడ మాత్రం లెక్కలరాయుడికి గట్టి ఆధారం దొరుకుతుంది. కవచం కనీసం ఇంత తట్టుకుంటుంది. ‘కనీసం’ అన్న మాట ఒత్తి చదవండి.

లూకాస్ కోర్టుకెక్కిన కథ

ఇదంతా కుర్రాళ్ళ కాలక్షేపం అయితే ఇంత రాయనక్కర్లేదు. కానీ ఒకసారి ఈ తెర మీది ఫిరంగులు నిజం బడ్జెట్‌లోకి దూరాయి. 1983 మార్చి 23న అమెరికా అధ్యక్షుడు రీగన్ టీవీలో మాట్లాడుతూ శత్రువుల అణు క్షిపణులను దారిలోనే కూల్చే రక్షణ తయారు చేస్తామన్నాడు. మర్నాడే సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ దాన్ని ‘స్టార్ వార్స్’ పథకమని వెక్కిరించాడు. వెక్కిరింపుగా పెట్టిన పేరు అతుక్కుపోయింది! అంతరిక్షంలో లేజర్లు అనగానే జనం కళ్ళ ముందు మెదిలింది ఆ ఆకుపచ్చ గీతలే మరి. పథకాన్ని పొగిడేవాళ్ళూ, తిట్టేవాళ్ళూ ఇద్దరూ టీవీ ప్రకటనల్లో ఆ పేరు వాడుకోవడంతో లూకాస్ కంపెనీకి మండి 1985లో కోర్టుకెక్కింది. మా సినిమా పిల్లల వినోదం, దాన్ని బాంబుల గొడవలోకి లాగొద్దని వాదించింది. జడ్జి ఒప్పుకోలేదు. రాజకీయ చర్చలో జనం ఆ మాట వాడుకుంటే ఆపలేమని కేసు కొట్టేశాడు.

ఆ లోగా లెక్కలు కట్టినవాళ్ళు ఉన్నారు, ఈసారి నిజం లెక్కలు. అమెరికన్ ఫిజికల్ సొసైటీ శాస్త్రజ్ఞులు 1987లో నివేదిక ఇచ్చారు. క్షిపణిని కూల్చాలంటే అప్పటికి చేతిలో ఉన్న కిరణాయుధాలు శక్తిలోనూ, కిరణం నాణ్యతలోనూ కనీసం వంద రెట్లు మెరుగుపడాలని. 1993లో ఆ పథకం పేరు మార్చి పక్కన పెట్టేనాటికి దాదాపు 3,000 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఒక్క క్షిపణినీ ఏ ఆకుపచ్చ గీతా కూల్చలేదు.

మరి ఈనాటి సంగతి? 2025 ఏప్రిల్‌లో మన కర్నూలు దగ్గరి పరీక్షా స్థలంలో డీఆర్‌డీఓ వాళ్ళు 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్ని ప్రయోగించి చూపారు. హైదరాబాదులోని వాళ్ళ ప్రయోగశాలే దాని మీద ముఖ్యంగా పనిచేసింది. పైలట్ లేని చిన్న విమానాన్ని కాల్చి కూల్చింది. మంచి పనే, తక్కువ పని కాదు. ఆ వార్త రాగానే “మనకూ స్టార్ వార్స్ వచ్చేసింది” అని ఫోన్లలో సందేశాలు తిరిగాయి.

అందులో ‘స్టార్ వార్స్’ ఎంత ఉందో ఇదే పద్ధతిలో చూద్దాం. ఈసారి అంకె ఊహ కాదు. కిరణం కంటికి కనబడదు, ‘పియూ’ అని చప్పుడు రాదు. ఒకే చోట కొన్ని సెకన్ల పాటు పట్టి ఉంచితే రేకు వేడెక్కి కాలిపోతుంది. 30 కిలోవాట్లంటే పొలాల్లో తిరిగే 5 హెచ్.పి. బోరు మోటార్లు ఎనిమిదింటి బలం. పూర్తి శక్తీ ఇనుములోకే దిగినా, కిలో ఇనుమును కరిగించడానికి ముప్పావు నిమిషం దాకా పడుతుంది. కెప్టెన్ టెరెల్‌ను మాయం చేయడానికి గంటన్నర పైచిలుకు. అన్నిసేపు ఆయన కదలకుండా నిలబడాలి.

ఇక ఆ గ్రహశకలాల్లోని 20 మీటర్ల రాయి ఉందే... దాన్ని ఆవిరి చేయాలంటే రాత్రింబగళ్ళు ఆపకుండా కాలిస్తే 130 ఏళ్ళు. రాయి మధ్యలో చల్లారకుండా ఉంటేనే సుమా!